తోక కోసిన కత్తులు

ఫిబ్రవరి 9

నా కత్తుల తోకలు కోసేశావు. నాకు చెప్పకుండా కోశావు. "మామూలు కత్తులే కావాలి, ఎప్పటి కొలతే, పిడి మాత్రం మేమే వేసుకుంటాం" అని రాసి, నాచేత చేయించుకుని, అక్కడ పిడిలో దిగే ఆ తోకలని పొట్టిగా నరికి మడత కత్తులు చేశావు.

ఎలా తెలిసిందంటావా? నువ్వే పంపావుగా మన తమ్ముడు ఉడతకి బహుమతి! నిన్న పని నుంచి వచ్చి, అన్నం ముందు కూర్చుని, జేబులోంచి తీసి టక్కున తెరిచాడు. "అక్కా, అన్నయ్య పంపాడు చూడు. ఇక ఒరా లేదు, నడుముకి తాడూ లేదు" అని మురిసిపోయాడు. చిన్నది, నల్ల పిడి, చూడ్డానికి ముద్దుగానే ఉంది, కాదనను. చేతిలోకి తీసుకుని లైటు కింద పెట్టి చూస్తే కత్తి మొదట్లో నా ముద్ర. మూడు గీతలు. మిగతాది ఎవరిదో వస్తువు.

"ఏంటక్కా, అన్నయ్య మంచి చేసినా ముఖం అలా పెడతావు?" అన్నాడు తమ్ముడు. చెట్లెక్కి చెట్లెక్కి వాడి బుర్ర కూడా కొమ్మల మీదే ఉండిపోయింది.

ఆ కత్తికి కొలత కుదరడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. అరచేతిలో ఇమిడిపోవాలి, అయినా కొమ్మ చీల్చేటప్పుడు వెనక్కి తగ్గకూడదు. నాన్న పోయాక ఈ కొలిమి ముందు నిలబడి, ఎవరూ నేర్పకుండా, కాల్చుకుని, బొబ్బలెక్కించుకుని తయారు చేశాను. నువ్వు అక్కడ మీ కత్తుల కంపెనీ ఏసీ గదిలో కూర్చుని దాని వెన్ను విరిచి, "నేనే కనిపెట్టాను" అని మీ మేనేజరు దగ్గర చప్పట్లు కొట్టించుకుని ఉంటావు. సిగ్గు లేదా? పక్కింటి కోడిని పట్టుకుపోయి వండుకున్నవాడు కూడా ఈకలు దాస్తాడు. నువ్వు ఈకలతో సహా మాకే వడ్డించావు.

పైగా అది మడత కత్తికి పనికొచ్చే కత్తి కాదు. నాన్న మాట మర్చిపోయావా? అంచు గట్టిగా, తోక మెత్తగా. పిడిలో దాక్కునే తోక గట్టిగా ఉంటే మెలితిప్పినప్పుడు పుటుక్కున విరుగుతుందని, అంచు వరకే నూనెలో ముంచి తోకని పైన వదిలేస్తాం. ఆ మెత్తని తోకలో నువ్వు గాడి కోసి, వెనక స్ప్రింగు పట్టీ పన్ను దాంట్లో పడేలా పెట్టి, దానికి తాళం అని పేరు పెట్టావు. తెరిచి మూసీ, తెరిచి మూసీ ఆ గాడి అరిగిపోదూ? అయినా నీకెందుకులే. నీకు కావలసింది పేరు.

వర్కుషాపు కప్పు రేకు మళ్ళీ లేచింది. వాన పడితే తిత్తి తడుస్తోంది. ఇంటివాడు ఇదిగో అదిగో అంటున్నాడు. ఇవన్నీ నీకెందుకు చెబుతున్నానో నాకే తెలియదు.

ఎందుకు చేశావో రాయి. కబుర్లు వద్దు.

చెల్లెలు

*

ఫిబ్రవరి 18

మా నిప్పురవ్వకి, ఇంత దూరంలో కూర్చుని కూడా కమిలిపోయిన అన్నయ్య రాసేది.

నీ ఉత్తరం మీ వదిన పైకి చదివింది. కోడి ఈకల దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆపుకోలేక ఆవిడకి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు ఇంకా తగ్గలేదు, పాపం నీదే.

ఏసీ గది అన్నావు. నా గదికి కిటికీ ఒకటే, అది లిఫ్టు గోడ వైపు తెరుచుకుంటుంది. పగలంతా గొలుసుల చప్పుడు. సరే, అది వదిలెయ్.

చెప్పకపోవడం తప్పే. చెబితే నువ్వు ఒప్పుకోవని చెప్పలేదు. గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పు, ఒప్పుకునేదానివా? ఒరలో పెట్టుకునే కత్తి ఇప్పుడు ఎవరూ కొనడం లేదమ్మా. నడుముకి కత్తి వేలాడుతుంటే బస్సెక్కనివ్వరు, పని జరిగే చోటికి రానివ్వరు, గేటు దగ్గరే తీసి పెట్టుకుంటారు. అందరికీ జేబులో పట్టేది కావాలి. మా వాళ్ళు నీ కత్తులు ఇక వద్దంటుంటే నేను అడ్డుపడి, "వీటినే మడిచి చూపిస్తాను" అన్నాను. లేకపోతే ఈపాటికి నీ కొలిమిలో పిల్లి పడుకునేది. నీ ముద్ర చెరిపేద్దామన్నారు. అక్షరాలా పోట్లాడి ఉంచాను. పేరు కోసం చేశానంటావేం?

ఇక తోక సంగతి. నాన్న ఏమనేవాడు? తోక మెత్తగా ఉంటే కత్తి మనిషిని మోసం చెయ్యదు అనేవాడు. నేను మావాళ్ళకి చెప్పింది కూడా అదే: "మా ఇంటి కత్తి మొదట్లో విరగదు, ఆ భయం పెట్టుకోకండి." ఇక్కడ తెరిచి మూసి చూశారు, బాగుందన్నారు. నీకు కోపం వస్తే ఇనుము కూడా చెడ్డదైపోతుంది.

నీకూ ఒకటి పంపుతున్నాను. వారం రోజులు జేబులో పెట్టుకుని తిరుగు. నీకే ముద్దొస్తుంది.

ఉడతని అడిగానని చెప్పు. ఎత్తుకి వెళ్ళినప్పుడు కిందకి చూడొద్దని కూడా చెప్పు.

అన్నయ్య

*

మార్చి 3

నువ్వు పంపిన కత్తిని జేబులో పెట్టుకుని తిరిగాను. ముద్దు రాలేదు.

ఈసారి తిట్టను. తిట్లు చదివి అసలు సంగతి వదిలేస్తున్నావు కాబట్టి తిన్నగా రాస్తాను, మెల్లగా చదువు. వదినతో చదివించుకోకు.

ముందు ఆకురాయి పెట్టి చూశాను. అంచు మీద రాయి జారిపోయింది, అది గట్టిది. తోక మీద పెడితే జున్ను మీద పెట్టినట్టు కొరికింది. అది మెత్తనిది, నేనే అలా చేశాను. తర్వాత దాంతోనే నా పనంతా చేశాను. తోలు కోశాను, పుల్లలు చీల్చాను, తిత్తి దగ్గర కూర్చున్నప్పుడు ఊరికే తెరుస్తూ మూస్తూ ఉన్నాను. మొదట్లో కత్తి తెరిస్తే రాయిలా నిలబడేది. పోను పోను పాలపన్నులా కదలడం మొదలైంది. ఇరుసు విప్పి చూశాను. గాడికి ఒక మూల ఉంటుంది చూడు, పట్టీ పన్ను వచ్చి ఆనే మూల, అది గుండ్రమైపోయింది. పన్ను ఆనడం లేదు, జారుతోంది.

మళ్ళీ బిగించి, తెరిచిన కత్తి మొనని చెక్కలో గుచ్చి, పిడిని ముందుకి నొక్కాను. మూసుకుంది. మూయాలంటే తాళం నొక్కాలి కదా, నేను దాన్ని ముట్టుకోలేదు. వేళ్ళు ఉండవలసిన చోట ఒక కర్ర పెట్టాను లే, అందుకే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. కర్ర రెండు ముక్కలైంది.

నాన్న మాట తప్పు కాదు. ఆయన కత్తికి అది సరైన మాట. నువ్వు దాన్ని వేరే కత్తికి తగిలించావు. పిడి కత్తిలో తోక దాక్కుంటుంది, బరువు మోస్తుంది. మడత కత్తిలో తోకే తలుపు, తోకే గడియ. అక్కడ మెత్తదనం పనికిరాదు.

మడత కత్తి చెయ్యొద్దని నేను అనడం లేదు. బెజ్జం, గాడి ముందే కోయించి పంపితే నేను తోకతో సహా నూనెలో ముంచుతాను. తర్వాత సన్నని సెగ మీద రంగు తేలేదాకా పెట్టి పెళుసు తీస్తాను. అప్పుడు గాడి అరగదు, తోక విరగదు. చేతనవుతుంది నాకు.

కానీ ఇప్పుడు బయట ఉన్నవాటిని వెనక్కి తెప్పించు. ఒకటి కూడా ఉండకూడదు.

అన్నిటికంటే ముందు ఉడతకి రాయి. నేను అడిగితే, "నీకు అన్నయ్య మీద కుళ్ళక్కా" అంటున్నాడు. నిన్న జేబులోంచి లాక్కోబోతే గోడ దూకి పారిపోయాడు, ఎద్దులా పెరిగాడు గానీ. నా మాట వినడు. నువ్వు చెబితే బావిలో దూకమన్నా, "ఏ బావి అన్నయ్యా" అని అడుగుతాడు.

వదిన దగ్గుకి మిరియాల కషాయం పెట్టు. నా పాపం అన్నావు కాబట్టి చెబుతున్నాను.

చెల్లెలు

*

మార్చి 14

చెల్లెమ్మా,

నువ్వే గెలిచావు. కాగితం మీద ఇంత చిన్న అక్షరాలతో ఇంత పెద్ద గొడవ చేసేవాళ్ళని నేను చూడలేదు.

రెండో దఫా కత్తులు నువ్వన్నట్టే చేద్దాం. రేకు మీద కోసిన అచ్చు పంపుతున్నాను, బెజ్జం ఎక్కడో గాడి ఎక్కడో దాని మీద ఉన్నాయి. తోకతో సహా గట్టి చెయ్యి. సంతోషమా? మా మేనేజరుకి చెబితే "మీ చెల్లెలు పని తెలిసిన మనిషే" అన్నాడు. నీ మాట ఆయన నోటి వెంట రావడం అదే మొదలు.

మిగతా సంగతి నేను చూసుకుంటాను. ఉడత సంగతి కూడా. వాడికి వేరే ఉత్తరం రాశాను, ఇక వాడితో గోడలు దూకించకు.

నన్ను ఈ విభాగానికి పెద్దని చేశారు. బయటికి తెరుచుకునే కిటికీ ఉన్న గది ఇస్తారట. పని నెత్తి మీద కొండలా ఉంది, అందుకే ఇంతే రాస్తున్నాను.

అన్నయ్య

*

ఏప్రిల్ 4

అన్నయ్యా,

కత్తులు పంపాను. పెట్టె పైన గడ్డి ఎక్కువ వేశాను, తీసి చూసి "గడ్డి పంపిందేమిటి" అని కంగారు పడకు.

మొదటి నాలుగూ పాడు చేశాను. తోక ముంచగానే బెజ్జం దగ్గర సన్నగా బీటలు పడ్డాయి. బెజ్జం అంచు పదునుగా ఉంటే అక్కడ చీలుతుందని అర్థమయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఆ అంచుని కాస్త నున్నగా రుద్ది మళ్ళీ ముంచాను. ఒక్కటి కూడా చీలలేదు. ఆ ఆనందంలో కుక్కకి కూడా చెప్పాను. అది తిత్తి కింద నుంచి ఒక కన్ను తెరిచి చూసి పడుకుంది. ఈ ఇంట్లో నా పనిని మెచ్చుకునేది అదొక్కటే.

కొత్తవాటి మీద మూడు గీతల పక్కన ఒక చుక్క కొట్టాను. పాతవీ కొత్తవీ కలిసిపోకూడదు. పాతవి తిరిగొచ్చాక ఇటు పంపు. కరిగించి ఇంకేదైనా చేస్తాను, ఇనుము పారెయ్యడం నాకు ఇష్టం ఉండదు.

ఉడత ఇప్పుడు బుద్ధిగా ఉన్నాడు. నీ ఉత్తరం బాగా పనిచేసింది. వాడి చేతిలో ఆ కత్తి కనిపించి చాలా రోజులైంది. "అన్నయ్యకి పంపేశావా?" అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. కొత్తది వచ్చేదాకా ఏం వాడుతున్నావురా అంటే, "పళ్ళు" అన్నాడు. వెధవ.

కరెంటు తీగల మీదికి పెరిగిన కొమ్మలు కొట్టే పని వచ్చింది వాళ్ళకి. వానలకి ముందే అయిపోవాలట. పొద్దున్నే వెళ్ళిపోతున్నాడు.

మొదటి ఉత్తరంలో నిన్నన్న మాటల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం దాచుకో, ఎప్పుడైనా పనికొస్తాయి.

కిటికీ గది ఇచ్చారా? ఏం కనిపిస్తోంది?

నీ చెల్లెలు

*

ఏప్రిల్ 25

ఉడత కుడి చేతి చూపుడు వేలూ మధ్య వేలూ పోయాయి. ఉంగరం వేలు ఉంది గానీ వంగదు. నరం తెగిపోయిందన్నారు.

మంగళవారం జరిగింది. ఆస్పత్రిలో ఉన్నాను, ఈ ఉత్తరం బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఈ బెంచీ మీద నలుగురం పడుకుంటున్నాం, ఎవరూ ఎవరిదీ అడగడం లేదు.

జరిగింది వాడి జతగాడు పొడుగోడు చెప్పాడు. కింద తాడు పట్టుకునేది అతనే. కొట్టిన కొమ్మ ఒకటి పడుతూ పడుతూ ఉడత నడుము తాడుని చుట్టుకుంది. అది వాడిని కిందికి లాగుతోంది. వాడు ఎడం చేత్తో మానుని వాటేసుకుని, కుడి చేత్తో జేబులోంచి కత్తి తీసి, ముడిలో మొన గుచ్చి నొక్కాడు. తాళం జారింది. కొమ్మ బరువంతా ఆ తాడు మీద, ఆ తాడు కత్తి మీద. కత్తి వాడి వేళ్ళ మీద మూసుకుంది.

పొడుగోడికి ముందు తెలియలేదట. ముఖం మీద చుక్కలు పడితే చెట్టు రసం అనుకుని తుడుచుకున్నాడట. చేతిని చూసుకున్నాకే పైకి చూశానన్నాడు. ఉడత అరవలేదు. "అన్నా, నిచ్చెన తే, తొందరేం లేదు" అన్నాడట. నిచ్చెన వచ్చేసరికి మానుకి కట్టుకున్న నడుము పట్టీ మీద వేలాడుతూ స్పృహ తప్పి ఉన్నాడు.

ఆ కత్తి గుడ్డలో చుట్టి తెచ్చాడు పొడుగోడు. నేను గుడ్డ విప్పి చూశాను. మూడు గీతలు. చుక్క లేదు. గాడి మూల గులకరాయిలా నున్నగా ఉంది.

వాడికి స్పృహ వచ్చాక మొదట అన్న మాట ఇది: "అక్కా, నేనే ఎక్కడో నొక్కేసి ఉంటాను." రెండో మాట, "అన్నయ్యకి రాయకు, బాధపడతాడు."

నువ్వు చూసుకుంటానన్నావు. వాడికి రాశానన్నావు. ఆ కత్తి వాడి జేబులో ఎందుకుంది? వెనక్కి తెప్పించావా లేదా? ఈ రెంటికీ జవాబు చెప్పు. ఓదార్పు మాటలు రాయకు, ఇక్కడ అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

*

మే 5

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. చిన్నప్పుడు వాడికి గోళ్ళు కత్తిరించింది నేను. నీకు గుర్తుండదు, నువ్వూ చిన్నదానివే.

వెంటనే బయల్దేరుదామనుకున్నాను. ఇక్కడ వదల్లేదు. చెబుతాను.

ఉడతకి నేను రాసింది ఇదీ: "అక్క కోపంగా ఉంది, కొత్తవి వచ్చేదాకా ఆ కత్తి దానికి కనపడకుండా పెట్టుకో, వచ్చాక మారుద్దాం." మీ ఇద్దరి మధ్య గొడవ ఆగాలని రాశాను. అంతకు మించి ఏం లేదు. నీ కత్తులు వచ్చాయి, వాటికి పిడులు వేస్తున్నారు. ఈ వారం వాడికి పంపాలనే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు.

వెనక్కి తెప్పించడం అంటావా, ఎక్కడినుంచి తెప్పించను? మొదటి దఫా అంతా అమ్ముడైపోయింది. ఎవరి జేబులో ఏది ఉందో నాకేం తెలుస్తుంది? నేను అడిగాను. మేనేజరు గదిలో నిలబడి అడిగాను. "తెప్పిస్తే తప్పుందని మనమే చాటింపు వేసినట్టు అవుతుంది, రెండో దఫా నుంచి సరిచేశాం కదా, చాలు" అన్నాడు. ఆ మాటలో కూడా ఎంతో కొంత నిజం ఉందనిపించింది అప్పుడు.

ఇప్పుడు వాళ్ళు ఒకటి అడుగుతున్నారు. పని చేసే కంగారులో పొరపాటున తాళం తనే నొక్కానని ఉడత ఒక కాగితం మీద సంతకం పెట్టి పంపితే, వాడికి ఇక్కడ పెట్టెలు కట్టే చోట కూర్చుని చేసే పని ఇస్తారు. చెట్లు వాడికి ఎలాగూ ఇక కుదరవు కదా. వాడు నా కళ్ళ ముందే ఉంటాడు, మా ఇంట్లోనే ఉంటాడు. కాగితం వాడి పేరు మీద వేరే కవరులో పంపాను. సంతకం పెట్టకపోతే ఇది నా మెడకి చుట్టుకుంటుంది. నేను లేకపోతే నీ కొలిమికి ఇక్కడినుంచి పని రాదు. ముగ్గురం మునుగుతాం. వాడూ తనే నొక్కానంటున్నాడని నువ్వే రాశావు. వాడు నమ్ముతున్న మాటనే రాసిమ్మంటున్నాం, అంతేగా.

వాడితో ఏమీ వాదించకు. ఇప్పటికే నొప్పిలో ఉన్నాడు.

నన్ను తిట్టు. ఎంతైనా తిట్టు. కానీ ఈ ఒక్కసారికి నా మాట విను.

అన్నయ్య

*

మే 11

నీకు తెలుసు. మార్చిలోనే తెలుసు. నా ఉత్తరం చదివావు, అర్థం చేసుకున్నావు, కాబోయే కత్తులకి గాడి గట్టి చేయించావు. పాతవాటిని మనుషుల జేబుల్లో వదిలేశావు. అందులో ఒక జేబు మన ఉడతది.

ఇన్నాళ్ళూ నేను మరోలా అనుకున్నాను. నా తిట్ల వల్ల నీకు అసలు మాట తలకెక్కలేదేమో, నేను సరిగ్గా రాయలేదేమో అని బెంచీ మీద పడుకుని ఆలోచించేదాన్ని. సరిగ్గానే రాశాను. ఎంత సరిగ్గా రాశానంటే, దాన్ని చూసే మీరు రెండో దఫాకి అచ్చు కోశారు.

అమ్ముడైపోయాయి అన్నావు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఈ ఊళ్ళో సామాన్ల దుకాణాలు తిరిగాను. అద్దాల బీరువాల్లో మెరుస్తూ ఉన్నాయి, మూడు గీతలవి, చుక్క లేనివి. మూల మీది దుకాణం ఆయన, "కొత్త సరుకమ్మా, జేబులో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు" అని నాకే అమ్మబోయాడు. ఉడత కత్తిని సంచిలోంచి తీసి, ఆయన పెన్సిలు అడిగి తీసుకుని వేళ్ళు ఉండే చోట పెట్టి, ఆయన బల్ల మీదే గుచ్చి నొక్కి చూపించాను. పెన్సిలు విరిగింది. ఆయన బీరువా తెరిచి అన్నీ తీసి లోపల పెట్టేశాడు. "మా అబ్బాయి జేబులో ఒకటుంది" అని చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరుగెత్తాడు. దుకాణం నాకు వదిలేసి వెళ్ళాడు. ఎవరో నన్నెరగని మనిషి. అతనికి ఒక్క పెన్సిలు చాలింది.

నా కొలిమి గురించి బెంగ పెట్టుకోకు. మీ పని మానేశాను. మేకులు సాగగొట్టుకుని, కొడవళ్ళకి పదును పెట్టుకుని బతుకుతాను. ఆ మాట ఎత్తి నన్ను లొంగదీయొచ్చని అనుకున్నావు చూడు, అందుకు కూడా నిన్ను క్షమించను.

ఇప్పుడు వాడి సంగతి విను. కట్లు మార్చినప్పుడల్లా ముఖం గోడ వైపు తిప్పుకుంటాడు. అన్నం కలుపుకోవడం రావడం లేదు, నేను కలిపి పెడితే తినడు, చెంచా ఇస్తే ఎడం చేత్తో సగం ఒంటి మీద పోసుకుంటాడు. పొడుగోడు చూడ్డానికి వస్తే, "నా తాడు ఎవరికిచ్చారు?" అని అడిగాడు. ఇంకొకడికి ఇచ్చారు.

నీ కాగితం వచ్చింది. వాడు పాత పేపరు మీద ఎడం చేత్తో సంతకం నేర్చుకుంటున్నాడు. "ఏంట్రా ఇది?" అన్నాను. "అన్నయ్య అడిగాడుగా అక్కా" అన్నాడు. కూర్చోబెట్టి అంతా చెప్పాను. తోక, గాడి, మార్చి ఉత్తరం, అన్నీ. వాడి కత్తినే ఎడం చేతికిచ్చి, నొక్కి చూడమన్నాను. చూడనన్నాడు. "నువ్వు మొదటినుంచీ ఆ కత్తి మీద పగబట్టావు. అన్నయ్య తెలిసి తెలిసి నాకు అలాంటిది ఇస్తాడా? నా కంగారే. ఎప్పుడూ కంగారే నాకు, నువ్వే అంటావుగా" అన్నాడు.

నేనే అంటాను. నిజమే. ఇరవై ఏళ్ళుగా వాడిని తిడుతూనే ఉన్నాను, అందుకే నా మాట ఇప్పుడు వాడికి తిట్టులాగే వినిపిస్తోంది. నీ మాట అలా కాదు. నువ్వు ఎప్పుడూ వాడికి దూరం నుంచి మంచివాడివి.

తలుపు వెనక కూడా విన్నాను. తనలో తను అనుకుంటున్నాడు: ఎక్కడ నొక్కాను, బొటనవేలు ఎక్కడ పెట్టాను, ఎలా పట్టుకుంటే జరిగేది కాదు అని. లేని వేళ్ళని మడిచి చూసుకుంటున్నాడు. వేళ్ళు పోయినందుకు వాడు ఏడవలేదు అన్నయ్యా. తన చేత్తో తనే పోగొట్టుకున్నానని ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు నువ్వు పెట్టినది. ఇప్పుడు దాని కింద సంతకం కూడా అడుగుతున్నావు.

కాగితం చింపేద్దామనుకున్నాను. చింపితే ఇంకోటి పంపుతావు, వాడు ఇంకోసారి నేర్చుకుంటాడు. అందుకని చింపలేదు. అది వాడి దిండు కింద ఉంది.

దుకాణాల పని నేను మొదలుపెట్టాను, ఆపను. పొడుగోడు కూడా వస్తానన్నాడు. బస్సు వెళ్ళే ప్రతి ఊళ్ళోనూ దిగుతాం. కనిపించిన ప్రతి దుకాణంలో, కనిపించిన ప్రతి తాడు పనివాడికీ చూపిస్తాం. కానీ మీ సరుకు ఎక్కడెక్కడికి వెళ్ళిందో నాకు తెలియదు, నీకు తెలుసు. ఆ ఊళ్ళన్నిటికీ నువ్వే కబురు పెట్టాలి, చుక్క లేని కత్తి ఎవరి దగ్గరున్నా వాడొద్దని. మేనేజరు గదిలో నిలబడి అడగడం కాదు. అడగకుండా చెయ్యి.

రెండోది నా వల్ల కానిది. వాడి తప్పు లేదని వాడు నమ్మాలి. నేను వెయ్యిసార్లు చెప్పినా నమ్మడు, డాక్టరు చెప్పినా నమ్మడు. నీ చేతి రాతతో వస్తే నమ్ముతాడు. తాళం నువ్వు నొక్కలేదురా, అదే జారింది, జారుతుందని నాకు ముందే తెలుసు, తెలిసీ దాచుకోమన్నాను అని రాయి. ఉద్యోగం గురించి ఒక్క ముక్క కూడా రాయకు. "కానీ" అనే మాట లేకుండా రాయి. అది చదివితే వాడు నిన్ను అసహ్యించుకుంటాడు, నాకు తెలుసు. నీకూ తెలుసు, అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు.

ఈ శనివారం కాదు, పై శనివారం పొద్దున పొడుగోడు టౌనుకి వెళ్తున్నాడు. సంతకం పెట్టి అతని చేతికి ఇచ్చి పోస్టు చేయిస్తానంటున్నాడు వాడు. నేను ఆపను. ఆపాల్సింది నువ్వు.

నాకు జవాబు రాయొద్దు. వాడికి రాయి. దానికి ముందు రోజు, శుక్రవారం పోస్టులో అది వాడి చేతికి అందాలి.